గీత మీద కారు ఆపడం

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఆటోమొబైల్ విభాగం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ప్రిన్సిపాల్ గారు పరిచయం చేస్తూ నన్ను "సినిమా స్టంట్లు నేర్చుకున్న మేడమ్" అన్నారు. ఆ మాట వినగానే వెనుక వరుసల్లో ఫోన్లు పైకి లేచాయి. దించేయండి బాబూ. ఈ రోజు ఇక్కడ ఏ కారూ గాల్లోకి లేవదు. (నవ్వులు) నేను ఏ సినిమాలోనూ కారు నడపలేదు. లాస్ ఏంజిలెస్ పక్కన పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. అక్కడున్న రోజుల్లో స్టంట్ డ్రైవింగ్ నేర్పే ఒక బడిలో మూడు రోజుల తరగతికి వెళ్ళాను, రుచి మరిగి తరువాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను. నా అర్హత అంతే.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. దక్షిణ కాలిఫోర్నియాలో నెలల తరబడి చినుకు పడదు. అన్నాళ్ళూ రోడ్డు మీద నూనె చుక్కలు, టైర్ల రబ్బరు పొడి, దుమ్ము పేరుకుపోతాయి. మొదటి వాన పడగానే అదంతా కలిసి రోడ్డుకు సబ్బు రాసినట్టు అవుతుంది. మన దగ్గర మృగశిర కార్తెలో తొలకరి పడినప్పుడు బైకులు ఎలా జారతాయో మీకు తెలుసు. అలాంటి వాన రాత్రి ఆఫీసు నుంచి వస్తూ, పెద్ద రోడ్డు దిగే వంపులో ఉన్నాను. ముందు బండ్ల బ్రేకు దీపాలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. యాక్సిలరేటర్ మీద ఉన్న కాలు తీసి బ్రేకు మీద వేసి గట్టిగా తొక్కాను. కారు వెనుక భాగం నన్ను దాటుకుని ముందుకు పోవాలని చూసింది. ఒక చుట్టు పూర్తిగా తిరిగి, పక్కనున్న గడ్డిలోకి వెళ్ళి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బంపరుకు గీత కూడా పడలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన "స్టీరింగ్ ఎటు తిప్పావు?" అని అడిగారు. చెప్పలేకపోయాను. ఆ రెండు సెకన్లూ నా జ్ఞాపకంలో లేవు. అప్పటికి పదిహేనేళ్ళుగా కారు నడుపుతున్నాను. రెండు దేశాల లైసెన్సులు ఉన్నాయి. రెండు పరీక్షల్లోనూ కారు సవ్యంగా ఉన్నప్పుడు ఎలా నడపాలో చూశారు. మన దగ్గర ఎనిమిది ఆకారంలో తిప్పమంటారు, హెచ్ ఆకారంలో వెనక్కి పొమ్మంటారు. పట్టు తప్పిన కారులో కూర్చుంటే ఎలా ఉంటుందో మాత్రం నాకు ఎవరూ చూపించలేదు. అది తెలుసుకుందామని వెళ్ళాను.

లాస్ ఏంజిలెస్‌కు ఉత్తరాన రోసమండ్ అనే చిన్న ఊరు ఉంది. మొహావి ఎడారి అంచు అది. విల్లో స్ప్రింగ్స్ అని 1953 నుంచి నడుస్తున్న రేస్ ట్రాక్ ఆ ఊరి దగ్గరే ఉంది. మాకు పాఠాలు చెప్పిన మైదానం కూడా ఆ చుట్టుపక్కలదే. చెట్టు లేదు, నీడ లేదు. మధ్యాహ్నం దాటాక గాలి ఎంత గట్టిగా వీస్తుందంటే, నిలబెట్టిన నారింజ రంగు కోన్లు వాటంతట అవే పడిపోయేవి. పడ్డ ప్రతి కోనుకూ లెక్క ఉంటుంది కాబట్టి, "ఇది నేను పడేసింది కాదు, గాలి పడేసింది" అని వాదించుకోవడమే మాకు కాలక్షేపం.

మాకు నేర్పినాయన నెరిసిన జుట్టు మనిషి. ముప్ఫై ఏళ్ళకు పైగా సినిమాల్లో కార్లు నడిపాడు. మొదటి గంటలోనే మా ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. "ఈ మూడు రోజుల్లో మీరు వెళ్ళబోయే అతి పెద్ద వేగం గంటకు 40 మైళ్ళు" అన్నాడు. అంటే 64 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి బస్టాండుకు ఆటోలో వెళ్ళినా ఒక్కోసారి అంత వేగం పోతారు. (నవ్వులు) డబ్బు కట్టిన వాళ్ళందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

మొదటి ఉదయమంతా సీటు గురించే. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట్ల ఉండాలి. "సీటు మనం కూర్చోవడానికే కాదు, కారు ఏమి చేస్తున్నదో ముందుగా చెప్పేది కూడా అదే" అనేవాడు. కారు వెనుక భాగం జారడం మొదలైతే కంటి కంటే ముందు నడుముకు తెలుస్తుంది. సీటుకు ఆనుకుని కూర్చోని మనిషికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. ఇంటికి వెళ్ళాక మీ నాన్నగారి కారులో ఒక్కసారి సీటు సరిచేసుకుని చూడండి. మనవాళ్ళలో సగం మంది స్టీరింగ్‌ను కౌగిలించుకుని నడుపుతారు. మిగతా సగం పడక కుర్చీలో పడుకున్నట్టు నడుపుతారు.

తరువాత బరువు. మీరు పుస్తకంలో దీన్ని సమీకరణంగా చదివే ఉంటారు. నేను మా అమ్మమ్మ నీళ్ళు తెచ్చిన పద్ధతిలో చెబుతాను. నిండు బిందె చంకన పెట్టుకుని నడుస్తున్న మనిషి ఠక్కున ఆగితే నీళ్ళు ముందుకు చిమ్ముతాయి, ఠక్కున కదిలితే వెనక్కి చిమ్ముతాయి. కారు కూడా నిండు బిందెలాంటిదే. బ్రేకు తొక్కితే బరువు ముందు టైర్ల మీదికి వస్తుంది, వెనుక టైర్లు తేలిక పడతాయి. యాక్సిలరేటర్ నొక్కితే వెనక్కి పోతుంది. వంపు తిరిగితే బయటి వైపుకు పోతుంది. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు దాదాపు మీ అరచేయి అంత ఉంటుంది. నాలుగు అరచేతుల మీద టన్నుకు పైగా బరువు పరుగెడుతోంది. ఏ అరచేతి మీద బరువు తగ్గితే అక్కడ పట్టు తగ్గుతుంది. వానరాత్రి నేను చేసిన తప్పు ఇదే. వంపులో ఉండగా బ్రేకు తొక్కి, వెనుక టైర్ల మీది బరువును నేనే ఊడ్చేశాను.

ఇంకో సంగతి, టైరుకు జీతం ఒక్కటే, రోడ్డు మీద దానికున్న పట్టే ఆ జీతం. అందులోంచే బ్రేకుకు ఇవ్వాలి, అందులోంచే మలుపుకు ఇవ్వాలి. మొత్తం బ్రేకుకే ఖర్చు పెడితే మలుపుకు పైసా మిగలదు. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పోతూనే ఉంటుంది. దాన్ని అండర్‌స్టీర్ అంటాం. వెనుక టైర్ల జీతం ముందుగా అయిపోతే వెనుక భాగం చుట్టూ తిరిగి వస్తుంది, అది ఓవర్‌స్టీర్. ఒకటి రెండు రకాల విన్యాసాలు తప్ప, నేను చూసినంతలో స్టంట్ డ్రైవింగ్ అంటే ఎప్పుడు ఏ టైరు జీతం ఆపాలో తెలిసి ఉండటమే.

మధ్యాహ్నం నీళ్ళు పారించిన సిమెంటు గచ్చు మీదికి తీసుకెళ్ళారు. పాత పోలీసు కారు, వెనుక చక్రాలతో నడిచేది. అరిగిపోయిన టైర్లు వేసి, వెనుక వాటిలో గాలి మామూలు కంటే బాగా ఎక్కువ కొట్టారు. తక్కువ వేగంలోనే జారాలన్నమాట. గురువు పక్క సీట్లో కూర్చుని, చెప్పాపెట్టకుండా కారు జారేటట్టు చేస్తాడు. మనం సరిచేయాలి.

మొదటిసారి వెనుక భాగం ఎడమకు జారింది. నా చేతులు స్టీరింగ్‌ను సరైన వైపుకే, ఎడమకే తిప్పాయి. అమ్మయ్య అనుకున్నాను. కారు తిన్నబడుతోంది. కానీ చేతులు అక్కడే బిగుసుకుపోయాయి. తిన్నబడ్డ కారుకు ఇంకా ఎడమకు తిరిగిన చక్రాలు. అంతే, రెండో వైపుకు విసిరికొట్టినట్టు పోయింది. మొదటి జారుడు కంటే రెండో జారుడు ఎప్పుడూ బలంగా ఉంటుంది. తప్పు దిద్దడం అందరికీ వస్తుంది, దిద్దుబాటును సమయానికి వెనక్కి తీసుకోవడమే రాదు. ఆ రోజు నేను పద్దెనిమిదిసార్లు చుట్టూ తిరిగాను. లెక్క పెట్టుకున్నాను కాబట్టి తెలుసు. ఉదయం తిన్న ఇడ్లీ సంగతి అడగకండి.

పద్దెనిమిదో సారి తరువాత గురువు ఏమీ చెప్పలేదు. చెయ్యి చాపి, నా గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, నా ముఖాన్ని పక్కకు తిప్పాడు. దూరంగా ఒక కోను ఉంది. "దాన్నే చూస్తూ ఉండు" అన్నాడు. కారు జారింది. నేను కోనును చూస్తూనే ఉన్నాను. చేతులు వాటంతట అవే తిరిగాయి, వాటంతట అవే వెనక్కి వచ్చాయి. కారు కోను వైపు తిన్నగా పోయింది. అప్పటిదాకా నేను చూస్తున్నది బానెట్‌ను, జారిపోతున్న గచ్చును, గుద్దుకుంటానేమో అనుకున్న గోడను. దేన్ని చూస్తే చేతులు కారును అటే తీసుకుపోతాయి. రోడ్డు పక్కన ఒకే ఒక్క కరెంటు స్తంభం ఉన్నా, అదుపు తప్పిన కారు వెళ్ళి దానికే ఎందుకు తగులుతుందో నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది.

రెండో రోజు చేతి బ్రేకు. మీరంతా ఎదురుచూస్తున్నది ఇదే కదా. కారు లోపల మొదట నా కంట పడింది ఒక చిన్న తమాషా. చేతి బ్రేకు కర్ర చివర నొక్కే బొత్తాం ఉంటుంది కదా, దాన్ని లోపలికి నొక్కిపెట్టి దాని మీద నల్ల టేపు చుట్టేశారు. బొత్తాం నొక్కి ఉంటే కర్ర ఎక్కడా తాళం పడదు. లాగితే పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది. రూపాయి ఖర్చు లేని మార్పు. ఆ టేపు లేకపోతే వెనుక చక్రాలు బిగుసుకుని ఉండిపోతాయి, కారు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది డ్రైవరు కాకుండా పోతుంది.

విధానం చెబుతాను, చెవులతో వినండి, చేతులతో వద్దు. యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు వస్తుంది. స్టీరింగ్ తిప్పాలి. వెంటనే క్లచ్చి తొక్కి చేతి బ్రేకు లాగాలి. తిరగడం ఆగిపోయిన చక్రానికి పక్కకు పట్టుకునే శక్తి ఉండదు. వెనుక భాగం విసురుగా తిరిగి వస్తుంది. సగం తిరిగాక బ్రేకు వదిలేయాలి. వెనక్కి పోతూ ముందుకు తిరిగే విన్యాసం దీనికి తలకిందులు. వేగంగా వెనక్కి పోతూ యాక్సిలరేటర్ వదిలితే బరువు డిక్కీ వైపుకు పోతుంది, ముందు భాగం తేలిక పడుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పితే ముక్కు చుట్టూ తిరుగుతుంది. తిరుగుతుండగానే గేరు మార్చి అదే దిశలో ముందుకు వెళ్ళిపోవాలి. అమెరికాలో 1974 నుంచి 1980 వరకు వచ్చిన ఒక టీవీ ధారావాహికలో హీరో దీన్ని తరచూ చేసేవాడు. ఆ పాత్ర పేరు మీదుగా ఈ విన్యాసానికి రాక్‌ఫర్డ్ అనే పేరు స్థిరపడింది. ఆ పాత్ర వేసిన జేమ్స్ గార్నర్‌కు అంతకు ముందే, 1966లో వచ్చిన రేసుల సినిమా కోసం, కారు నడపడం నేర్పినవాడు బాబ్ బాండురంట్ అనే అమెరికా రేసు డ్రైవరు.

బాండురంట్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1964లో ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్ 24 గంటల కార్ల పందెంలో డాన్ గర్నీతో కలిసి తన తరగతిలో గెలిచినవాడు. 1967లో వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్ మీద స్టీరింగ్‌లో ఒక భాగం విరిగిపోయి కారు పల్టీలు కొట్టింది, కాళ్ళు నుజ్జయ్యాయి. ఆసుపత్రి మంచం మీద పడి ఉండి, బయటికి వెళ్ళాక ఒక డ్రైవింగ్ బడి పెట్టాలని ఆలోచించాడు. 1968లో పెట్టాడు కూడా. అతని తప్పు ఏమీ లేకుండా, ఒక లోహపు ముక్క విరిగి పడిపోయినవాడు ఇతరులకు నడపడం నేర్పడానికి పూనుకోవడం నాకు విచిత్రంగా తోచింది. మా గురువును అడిగితే, "విరిగిన తరువాత మిగిలిన సెకనులో ఏమి చేయవచ్చో అతనికే కదా తెలుసు" అన్నాడు.

సరే, చేతి బ్రేకు విన్యాసం నాకు మధ్యాహ్నానికి వచ్చేసింది. కారు చుట్టూ తిరిగి, పొగ లేపి, దుమ్ములో ఆగింది. నేను కిందికి దిగి రెండు చేతులూ పైకెత్తాను. గురువు చప్పట్లు కొట్టలేదు. నడుచుకుంటూ వచ్చి ముందు చక్రం పక్కన సుద్దముక్కతో ఒక గీత గీశాడు. "మళ్ళీ చెయ్యి. చక్రం ఇక్కడే ఆగాలి" అన్నాడు.

అక్కడ మొదలైంది అసలు చదువు. రెండోసారి గీతకు నాలుగడుగులు ముందు ఆగాను. మూడోసారి ఆరడుగులు దాటి వెళ్ళాను. నాలుగోసారి గీత మీదే ఆగింది, కానీ కారు ముఖం వంకరగా ఉంది. మూడో రోజు మొత్తం నాకు వేరే పని లేదు. ఆ గీత, దాని చుట్టూ కోన్లతో కట్టిన పెట్టె. కారు పొడవు కంటే పెట్టె పొడవు నాలుగడుగులు ఎక్కువ. జారుతూ వెళ్ళి అందులో నిలవాలి. ఎన్ని కోన్లు పడ్డాయో పలక మీద రాసేవారు.

ఎందుకింత పట్టుదల అంటే, సినిమాలో ఆ గీత దగ్గర కెమెరా ఉంటుంది. కెమెరా వెనుక మనిషి ఉంటాడు. పక్కన నటుడు నిలబడి ఉంటాడు. దర్శకుడికి ఒక కోణం నచ్చక మళ్ళీ అంటే మళ్ళీ అదే చేయాలి, అదే గీత మీద. ఒకసారి అద్భుతంగా చేసి రెండోసారి ఆరడుగులు దాటిపోయే మనిషిని ఎవరూ పనిలోకి పిలవరు. మా గురువు ధైర్యవంతుల గురించి కొంచెం విసుగ్గా మాట్లాడేవాడు. ఉదయం రాగానే టైర్ల గాలి చూసేవాడు, చక్రాల బోల్టులు చూసేవాడు, సీటు కింద దొర్లే నీళ్ళ సీసా ఉందేమోనని చెయ్యి పెట్టి వెతికేవాడు. దొర్లే సీసా బ్రేకు పెడల్ కిందికి పోతే బ్రేకు పడదు. మా ఇంట్లో ఇప్పటికీ కారు తీసే ముందు నేను ఆ సీసా కోసం వెతుకుతాను. మా పిల్లలకు అదొక నవ్వులాట.

ఆటోమొబైల్ విద్యార్థులు కాబట్టి మీకు నచ్చే ఒక ముచ్చట చెబుతాను. 1974లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్‌లో ఏఎంసీ హార్నెట్ కారు థాయిలాండ్‌లో ఒక కాలువ మీదుగా, గాలిలో మర మెలిక తిరిగినట్టు ఒక పూర్తి చుట్టు తిరిగి అవతలి ఒడ్డున నాలుగు చక్రాల మీద దిగుతుంది. చూసినవారు గుండె చిక్కబట్టుకునే దృశ్యం. ఆ దూకుడును లెక్కగట్టింది కంప్యూటర్. అమెరికాలోని కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో రేమండ్ మెక్‌హెన్రీ రాసిన ప్రోగ్రాము అది. ఆయన దాన్ని సినిమా కోసం రాయలేదు. రోడ్డు తప్పిన కారు గట్టుకు, గుంతకు తగిలి ఎలా పల్టీ కొడుతుందో తెలుసుకుని ప్రమాదాలు తగ్గించడానికి రాశారు. ప్రమాదం ఎలా జరుగుతుందో కచ్చితంగా తెలిస్తే, దాన్ని కావాలని జరిపించవచ్చు కూడా. బరువు సమంగా ఉండాలని డ్రైవరు సీటు, స్టీరింగ్ కారు మధ్యకు మార్చారు. వేగం ఎంతో చెప్పుకోండి చూద్దాం... (సభలో నుంచి: "వంద!", "నూట ఇరవై!") గంటకు సుమారు 40 మైళ్ళు. మా గురువు మాకు పెట్టిన హద్దే! స్టంట్ డ్రైవరు ఒక్కసారికే చేసేశాడు, రెండో టేకు అక్కర్లేకపోయింది.

వేగం మాట వచ్చింది కాబట్టి బోర్డు మీద ఒక లెక్క వేస్తాను. రెండు కార్లు పక్కపక్కనే వెళ్తున్నాయి. ఒకటి 60 కిలోమీటర్ల వేగంతో, రెండోది 80తో. ముందు ఒక గేదె అడ్డం వచ్చింది. ఇద్దరూ ఒకే చోట బ్రేకు తొక్కారు, ఒకే రకం టైర్లు, ఒకే రోడ్డు. 60 మీద ఉన్న కారు గేదె ముందు వెంట్రుకవాసిలో ఆగింది. 80 మీద ఉన్న కారు ఆ చోటికి వచ్చేసరికి ఎంత వేగంతో ఉంటుంది? చాలామంది 20 అంటారు. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 80 వర్గం 6400, 60 వర్గం 3600. తీసేస్తే 2800. దాని వర్గమూలం దాదాపు 53. గేదెను 53 కిలోమీటర్ల వేగంతో గుద్దుతాడు. రోడ్డు తడిగా ఉన్నా పొడిగా ఉన్నా ఈ 53 మారదు. మా బడిలో ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, దాని ఫ్యూజు పీకేసిన కారుతో దీన్నే చేయించారు. నేను రెండో గేదె దగ్గర ఆపగలిగేదాన్ని. (నవ్వులు) మొదటి గేదెకు నూకలు చెల్లినట్టే.

ఇప్పుడు ఈ చదువు మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి, లేకపోతే నేను ఆ బడికి ప్రచారం చేసినట్టు అవుతుంది. నార్వేలో 1979లో కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద శిక్షణ తప్పనిసరి చేశారు. మంచి ఆలోచనే. 1980లలో ఫలితాలు పరిశీలిస్తే యువకుల్లో ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారితే దిద్దుకోవడం వచ్చు కదా అన్న ధీమాతో, జారే రోడ్డు మీద నెమ్మదించడం మానేశారని అంటారు. స్వీడన్ పరిశోధకుడు నిల్స్ పేటర్ గ్రెగెర్సెన్ 1996లో ఇంకో పరీక్ష ప్రచురించాడు. ఒక గుంపుకు తప్పించుకునే నైపుణ్యం నేర్పారు. రెండో గుంపుకు, మీ నైపుణ్యం ఎంత తక్కువో చూడండి అని అనుభవంలోకి తెచ్చారు. తరువాత పరీక్షిస్తే అసలు నైపుణ్యంలో రెండు గుంపులకూ తేడా లేదు. తమకు బాగా వచ్చునని అనుకోవడంలో మాత్రం మొదటి గుంపు ముందుంది.

నా సంగతీ అంతే. మొదటి తరగతి తరువాత ఒక నెల నేను బాగా దురుసుగా నడిపాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను. రెండోసారి బడికి వెళ్ళి మళ్ళీ పద్నాలుగు చుట్లు తిరిగాక ఆ పొగరు దిగింది. మూడు రోజుల చదువు నెలలో ఆవిరైపోతుంది, ధీమా మాత్రం ఆవిరి కాదు. నాకు మిగిలినవి రెండే: వంపులోకి వెళ్ళకముందే బ్రేకు పని ముగించడం, చూపును వెళ్ళాల్సిన చోట పెట్టడం. మన ఊళ్ళలో ఇవి చాలా అక్కరకు వస్తాయి. వరి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వడ్ల మీద బ్రేకు తొక్కడమంటే గోళీల మీద నిలబడటమే. ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన మట్టి మీద వాన పడినా అంతే. అక్కడ ఏ విన్యాసమూ పని చేయదు. ముందే కనిపెట్టి, వడ్లు రాకముందే నెమ్మదించడం ఒక్కటే దారి.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, ఇప్పుడు కార్లలో ఏబీఎస్, ఈఎస్‌సీ ఉన్నాయి. ఇవన్నీ మనిషి ఎందుకు నేర్చుకోవాలి?)

మంచి ప్రశ్న. 1989లో మెర్సిడెస్ ఇంజనీరు ఫ్రాంక్-వెర్నర్ మోన్ స్వీడన్‌లో మంచు మీద పరీక్షలు చేస్తూ జారి గుంతలోకి పోయాడు. కారును బయటికి లాగేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు వచ్చిన ఆలోచనే ఈఎస్‌సీ, అంటే కారు జారిపోకుండా కాచే ఏర్పాటు, అయింది. 1995లో కారులోకి వచ్చింది. 1997లో అదే కంపెనీ చిన్న కారు ఏ-క్లాస్‌ను స్వీడన్ పత్రికవాళ్ళు దుప్పి అడ్డం వచ్చినట్టు ఊహించుకుని పక్కకు తిప్పితే పల్టీ కొట్టింది. ఆ తరువాత ఆ కారుకు ఈఎస్‌సీ తప్పనిసరిగా బిగించారు. ఈఎస్‌సీ మీరు స్టీరింగ్ ఎటు తిప్పారు, కారు నిజంగా ఎటు తిరుగుతోంది అని పోల్చి చూసి, తేడా వస్తే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేస్తుంది. నాలుగు చక్రాలకు నాలుగు బ్రేకులు విడిగా వేసే కాలు నాకు లేదు, మా గురువుకూ లేదు. కాబట్టి అది మనకంటే మెరుగే. కానీ అది కూడా టైరు జీతంలోంచే ఖర్చు పెట్టాలి. అరిగిన టైరుకు జీతం పెంచే శక్తి ఏ కంప్యూటరుకూ లేదు. ఇంకొకటి, ఏబీఎస్ పని చేసేటప్పుడు పెడల్ కాలి కింద గడగడ కొట్టుకుంటుంది. తెలియనివారు భయపడి కాలు తీసేస్తారు. అదొక్కటి అనుభవంలోకి వచ్చినా సగం చదువు వచ్చినట్టే.

(ఇంకో విద్యార్థి: ఇక్కడ ఎక్కడ నేర్చుకోవచ్చు? నెక్లెస్ రోడ్డులో రాత్రి పూట...)

ఆపు, ఆ వాక్యం పూర్తి చేయకు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ పందెం జరిగింది నిజమే. దాని కోసం రోడ్డు మూసేసి, గోడలు కట్టి, అంబులెన్సులు నిలబెట్టారు. అవి లేనప్పుడు అది జనం నడిచే రోడ్డు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం కట్టడాన్ని, వేగపరీక్షను నేరం అంటుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి రేస్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. రెండు చోట్లా రేసింగ్ శిక్షణ తరగతులు జరుగుతుంటాయి. డబ్బు దాచుకుని అక్కడికి వెళ్ళు.

(ఒక విద్యార్థిని: ఆ తరగతిలో మీరు కాక ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్?)

పదిమందిలో ఇద్దరం. ఒకప్పుడు హీరోయిన్ కారు నడిపే దృశ్యాల్లో మగవాళ్ళకే విగ్గు పెట్టి కూర్చోబెట్టేవారట. మా గురువు కూడా వయసులో ఉన్నప్పుడు విగ్గు పెట్టుకున్నాడు. ఆ ఫొటో చూపించాడు, అస్సలు నప్పలేదు. (నవ్వులు) ఇప్పుడు ఆ పని చేసే ఆడవాళ్ళు ఉన్నారు. గీత మీద ఆగడంలో నాతో వచ్చిన రెండో ఆవిడ అందరికంటే ముందుంది. వృత్తి దంతవైద్యం.

వెనుక ఎవరో చెయ్యెత్తారు. మీరు కాలేజీ బస్సు నడిపే ఆయనే కదా? చెప్పండి.

(డ్రైవరు: మా బస్సుకు అలా చేతి బ్రేకు లాగితే ఏమవుతుందమ్మా?)

(నవ్వులు) మీకే బాగా తెలుసు. లోపల నిలబడ్డ యాభై మంది ఒకరి మీద ఒకరు పడతారు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. జాకీ స్టీవర్ట్ అని మూడుసార్లు ప్రపంచ విజేత అయిన రేసు డ్రైవరు, కారు బానెట్ మీద ఒక గిన్నె, అందులో ఒక బంతి పెట్టి, బంతి బయట పడకుండా నడపమని నేర్పేవాడు. మేమూ ఆ ఆట ఆడాం. నా బంతి మూడో మలుపు దాటలేదు. ఈ రోజు ఉదయం మీ బస్సులోనే వచ్చాను, నిలబడి. ఫ్లైఓవరు దిగేటప్పుడు నా పక్కన ఒక అబ్బాయి కమ్మీ పట్టుకోకుండా, రెండు చేతులతో ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. మీరు సిగ్నల్ దగ్గర ఆపారు. వాడు తల కూడా ఎత్తలేదు. అలా ఎలా ఆపారు?

(డ్రైవరు: చివర్లో కొంచెం బ్రేకు వదులుతానమ్మా. పూర్తిగా ఆగేముందు.)

విన్నారా? రాసుకోండి. ఇది నాకు రెండో తరగతిలో గానీ రాలేదు. మన బస్సు అయిదున్నరకే కదండీ? అయిదూ ఇరవై అయింది. పదండి, పదండి.